కట్టయ్య చేతి వేడి

కట్టయ్య ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నింపి, కాగితం ముక్క అంటించి, ఎదురింటి వాళ్ళకు కనబడేలా విసనకర్రతో విసిరాడు. పొగ లేచాక మూత వేశాడు. పావుగంటలో ఆ బొగ్గులు ఆరిపోతాయని అతనికి తెలుసు. ఆరినా, తన చెయ్యి పిడి మీద ఉన్నంతసేపూ పెట్టె కాలుతూనే ఉంటుందనీ తెలుసు.

యాభై దాటిన మనిషి. వంగిన భుజాలు, నెరిసిన గడ్డం, రెండు చేతులకూ ఎప్పుడూ గుడ్డపేలికలు. అడిగితే గజ్జి అనేవాడు. హనుమకొండ శివార్లలోని పీఠం కాలనీలో ఇరవై ఏళ్ళుగా అతన్ని అందరూ చూస్తున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. అతనికి కావలసిందీ అదే. పాలంపేట అవతల ఒక పల్లెలో అతని నాయనకూ ఇలాంటి చేతులే ఉండేవి. మంత్రగాడని పట్టుకుని ఊరివాళ్ళు పళ్ళూడగొట్టారు. ప్రాణం పోయేముందు నాయన నెత్తుటి నోటితో కొడుకు చెవిలో చెప్పాడు: “గీ వేడిని ఒక్కపారి మింగొచ్చు బిడ్డా. మింగితే అది నిన్ను తింటది.”

కాలనీలో పీఠం మాటే చట్టం. విధవలు తెల్లచీరే కట్టాలి. మంత్రం తెలిసినవాళ్ళకు అక్కడ చోటు లేదు. కిందటేడు పూలమ్మే ఒకావిడ తలుపు మీద పీఠం వాళ్ళు వేసే పసుపు చేతి గుర్తు కనబడింది. తెల్లారేసరికి ఇల్లు ఖాళీ. పొయ్యి మీద అన్నం సగం ఉడికి ఉంది. ఎక్కడికి పోయిందని ఒక్కరూ అడగలేదు. ఆ పీఠం వాళ్ళ కాషాయబట్టలే కట్టయ్య రోజూ మడతలు చెదరకుండా ఇస్త్రీ చేసేవాడు.

అతని ఇస్త్రీబండి పక్కనే రేకులషెడ్డులో శారద మిషన్ కుట్టేది. మొగుడు పోయి ఎనిమిదేళ్ళు. ఊళ్ళోవాళ్ళ జాకెట్ల రంగుదారాలు ఆమె తెల్లచీరకు అంటుకుని ఉండేవి. ఒకసారి కత్తెర అందిస్తుంటే అతని వేలు తగిలి ఆమె మణికట్టు బొబ్బలెక్కింది. ఆమె అరవలేదు. కొబ్బరినూనె రాసుకుని, కుక్కర్ తగిలి కాలిందని అందరికీ చెప్పింది. ఆ రోజు నుంచి అతనికి ఆమె తప్ప లోకం లేదు. అయినా ఇద్దరి మధ్యా గజం దూరం అలాగే ఉంచాడు.

మధ్యాహ్నం పీఠం పెద్ద రాజేశ్వర్ రావు బట్టల కోసం తనే వచ్చాడు.

“నీ ఇస్త్రీ మంచిగుంటది కట్టయ్యా,” అన్నాడు, మడతల మధ్య వేళ్ళు పెట్టి తడుముతూ. “పొద్దుగాల చేసింది, ఇంకా వెచ్చగనే ఉన్నది.”

కట్టయ్య తల వంచుకున్నాడు.

“నాలుగింటికి అందరు పీఠం వాకిట్లకు రావాలె. గంగాళంల చెయ్యి వెట్టాలె. ఎవని చెయ్యి వెడితె నీళ్ళు పొగలు గక్కుతయో, వాడే మంత్రగాడు, దొరుకుతడు.”

అతను వెళ్ళాక శారద మిషన్ ఆపింది. “బస్సెక్కి పో. ఇప్పుడే పో.”

“నేను వోతె నిన్ను పట్టుకుంటరు. పక్కనే ఉన్నవ్, నీకెట్ల తెల్వదని అడుగుతరు.”

“అడగనీ.”

“అడిగేటోళ్ళు గాదు వాళ్ళు,” అన్నాడు కట్టయ్య. చేస్తున్న చొక్కా పూర్తిచేసి, మడిచి, పక్కన పెట్టాడు.

నాలుగింటికి వాకిట్లో వరుస కదిలింది. కట్టయ్య వంతు వచ్చింది. పేలికలు విప్పాడు. కళ్ళు మూసుకుని మింగాడు. నిప్పుముద్ద ఒకటి మణికట్టు నుంచి మోచేతికి, భుజానికి పాకి రొమ్ములో దిగి ఆరిపోయింది. వాకిట్లో దీపాలన్నీ ఒక్కసారి వణికాయి. చెయ్యి నీళ్ళలో ముంచాడు. పొగ రాలేదు. గంగాళం అంచున సన్నటి మంచుపొర కట్టింది. రాజేశ్వర్ రావు పొగ కోసమే చూస్తున్నాడు గనక అది అతని కంటబడలేదు.

“పో,” అన్నాడు విసుగ్గా.

షెడ్డు దగ్గరకు వచ్చాక కట్టయ్య చెయ్యి చాపాడు. “పట్టుకో. ఇప్పుడు కాలదు.”

శారద రెండు చేతులతో పట్టుకుంది. “గింత సల్లగున్నదేంది?” అంది. “వేడిని మింగిన,” అన్నాడు. ఆమెకు అర్థమైంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగు నుంచి చిలకపచ్చ చీర తీసుకొచ్చింది.

“ఎనిమిదేండ్లాయె, కట్టక. ఇస్త్రీ చెయ్యరాదు జర?”

ఈసారి బొగ్గులు నిజంగా రాజెయ్యాల్సి వచ్చింది. నిప్పురవ్వ ఎగిరి అతని బొటనవేలి మీద పడింది. చర్మం ఎర్రగా పొంగింది. కట్టయ్య దాన్ని వింతగా చూసుకుని పసివాడిలా నవ్వాడు.

“శారదా, కాలింది!”

చీర మొత్తం నెమ్మదిగా, అంచులు సరిచూసుకుంటూ ఇస్త్రీ చేశాడు. మడిచి, ఆఖరి మడతను అరచేత్తో అదిమాడు. “జర కూసుంట,” అని గోడకు ఆనుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుని మళ్ళీ చెయ్యి పట్టుకుంది. వీధిదీపాలు వెలిగేసరికి ఆ చేతిలో నాడి లేదు.

గుండెపోటన్నారు పీఠం వాళ్ళు. మంచి ఇస్త్రీవాడు పోయాడన్నారు.

మర్నాడు పొద్దున శారద షెడ్డు తెరవడానికి వచ్చింది. పుష్యమాసపు మంచుకు రేకులు, బండి, ఇస్త్రీపెట్టె అన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. బండి మీద మడతపెట్టిన చిలకపచ్చ చీర ఒక్కటే పొడిగా, సన్నటి ఆవిరి వదులుతూ ఉంది.