నాలుగు గంటల సైరన్

పూతలపట్టు దాటాక ఉన్న గ్రానైటు క్వారీలో కొండకు ఒకచోట నిలువునా పగులు వచ్చింది. అది పెరుగుతున్నదీ లేనిదీ చెప్పే పరికరాన్ని ఖలందర్ తయారుచేశాడు. చిత్తూరులో మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. పగులుకు అడ్డంగా ఇత్తడి కడ్డీ, దానికో మీటరు, దూరంగా షెడ్డు మీద సైరన్. పగులు అర మిల్లీమీటరు విచ్చుకుంటే సైరన్ మోగుతుంది, మూసుకుంటే ఆగుతుంది.

మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి మోగింది. కింద రాయి కొట్టే పదకొండు మందీ పరుగెత్తి బయటికొచ్చారు. ఏమీ పడలేదు. పదిహేను నిమిషాలకు ఆగింది. రెండో రోజూ అంతే. ఎండకు రాయి ఉబ్బి పగులు తెరుచుకుంటోందని ఖలందర్‌కు అర్థమైంది.

మేస్త్రీ మునిశేఖర్ నవ్వాడు. "బాయ్, నీ మిషను టీకి పిలిసేదానికి బాగుండాది. ఇంగ ఇదే రూలు. మోగినంతసేపు టీ, ఆగితే పని."

టీ అమ్మే నిర్మలమ్మ ఆ వేళకే క్యాను తెచ్చి వేపచెట్టు కింద పెట్టసాగింది.

ఎండ ప్రభావాన్ని మినహాయించే సర్క్యూటు ఒకటి ఖలందర్ చేసుకొచ్చాడు. బిగించేముందు నెల రోజుల రీడింగులు చూశాడు. పదిహేను నిమిషాల సైరన్ ఇప్పుడు నలభై నిమిషాలు మోగుతోంది. పగులు మూసుకుంటోంది గానీ, నిన్న మూసుకున్నంత కాదు.

"ఆ కొండ కింద పని ఆపల్లప్పా," అన్నాడు మునిశేఖర్‌తో.

"ఎండకు ఉబ్బిందని నువ్వే సెప్పినావు గదా?"

"సెప్పినాను. ఉబ్బింది తగ్గల్ల గదా. పూర్తిగా తగ్గలే."

"ఇది పట్టుకోని ఓనరు కాడికి పోతే నన్ను టీ మేస్త్రీ అంటాడు. ఆ సర్క్యూటేదో బిగించిపో అబ్బా."

ఖలందర్ దాన్ని సంచిలోంచి తీయలేదు. కొండ విరిగిపడితే వేడి వేళలోనే పడుతుందని అతని అంచనా. ఖాయమేమీ కాదు. నిర్మలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, సైరన్ ఆగేదాకా క్యాను ఎత్తొద్దు."

"పాలెవురు పోస్తారు, నీ మిషనా?" అంది. మర్నాడు పెద్ద క్యాను తెచ్చింది.

ఖలందర్ రోజూ నాలుగింటికల్లా వచ్చి కూర్చునేవాడు. ఆరో రోజు ఐదున్నరైనా సైరన్ ఆగలేదు.

"లెయ్యండి, సాలు," అంటూ మునిశేఖర్ చెట్టు దగ్గరికి వచ్చాడు.

రాయి కొట్టే ఏబెల్ గ్లాసు ఎత్తి చూపాడు. "మోగతానే ఉండాది గదన్నా. రూలు నువ్వు పెట్టిందే."

అందరూ నవ్వారు. వైరు పీకేస్తానని మునిశేఖర్ షెడ్డు వైపు నడిచాడు. సగం దూరం పోయాడో లేదో, కొండ ముక్క జారింది. భూమి అదిరింది. దుమ్ము అణిగాక చూస్తే సుత్తులు, ఉలులు, టిఫిన్ క్యారియర్లు రాళ్ల కింద నలిగిపోయి ఉన్నాయి. ఖలందర్ మనుషులను లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు.

కడ్డీ విరగడంతో సైరన్ ఆగిపోయింది. ఎవరూ పనికి లేవలేదు. మునిశేఖర్ మెల్లగా తిరిగొచ్చి ఏబెల్ పక్కన నేల మీద కూర్చున్నాడు. నిర్మలమ్మ క్యాను వంచి, అడుగున మిగిలిన టీని ఒక గ్లాసులో పోసి మునిశేఖర్‌కు అందించింది.