చివరి రంగం ఇంకా మెమరీలోనే ఉంది

“అమ్మాయ్, కంప్యూటర్ లోపల ఎవరో తలుపు కొడుతున్నారు,” అంది అత్తయ్య ఫోన్లో.

నేను అప్పుడు షాపులో ఉన్నాను. పాడైపోయిన డిస్కుల్లోంచి, పెన్ డ్రైవుల్లోంచి జనం పోగొట్టుకున్న ఫైళ్లని బయటికి తీసివ్వడం నా పని. బట్టలతో పాటు ఉతికేసిన పెన్ డ్రైవు ఒకటి తెచ్చి, ఒకాయన నా ఎదురుగా దీనంగా కూర్చుని ఉన్నాడు. అత్తయ్య చెప్పిన తలుపు చప్పుడు ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

“టక్, టక్... కాస్త ఆగి మళ్లీ టక్. అలాగేనా?”

“అచ్చం అలాగే! నీకెలా తెలుసు?”

“అత్తయ్యా, దేన్నీ ముట్టుకోకండి. ఆపకండి, మూయకండి, మౌస్ కూడా కదపకండి. వచ్చేస్తున్నా.”

“చప్పుడు వినలేక దాని మీద దిండు పెట్టాను. ఉంచనా?”

“దిండు తీసెయ్యండి!” అని అరిచాను. పెన్ డ్రైవు ఆయన ఉలిక్కిపడి తన ఒళ్లో ఉన్న సంచీ తీసేశాడు.

ఇల్లు రెండు వీధుల అవతలే. పరుగులాంటి నడకలో నేను తిట్టుకున్న తిట్లన్నీ ఒకే మనిషి మీద, అంటే మా ఆయన మీద. ఎందుకో చెప్పాలంటే అత్తయ్య గురించి చెప్పాలి.

మా అత్తయ్య ప్రాంప్టర్. ఊళ్లో ఉన్న చిన్న నాటక బృందంలో పెళ్లికి ముందు నుంచీ తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయిన వాళ్లకి మాట అందించింది. రాజులూ మంత్రులూ పిచ్చివాళ్లూ అందరూ ఆవిడ గొంతులోంచి మాట్లాడినవాళ్లే. చప్పట్లు మాత్రం ఎప్పుడూ తెరకి అటువైపే. ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, ఆవిడే ఒక నాటకం రాసింది. అందులో ఒక ప్రాంప్టర్ చివరి రంగంలో మొదటిసారి తెర వెనక నుంచి జనం ముందుకి వస్తుంది. ఆ వేషం ఇంకొకరికి ఇవ్వనని, తనే వేస్తానని పట్టుబట్టింది. ప్రదర్శన రేపు సాయంత్రం. మిగతా రంగాలు ఎప్పుడో అచ్చు తీసి నటులకి పంచేశారు. చివరి రంగమే ఇంకా కంప్యూటర్ తెర మీద ఉంది. ఆవిడ దాన్ని రోజూ కొట్టేసి రాస్తోంది, రాసి కొట్టేస్తోంది.

ఇక అసలు సంగతి. అత్తయ్య సేవ్ చేయదు.

చేయడం రాక కాదు. మొదట్లో ఒకసారి సేవ్ చేసి, ఫైలు మూసేసి, మర్నాడు తెరిచి చూస్తే ముందురోజు కొట్టేసిన మంచి వాక్యం ఒకటి వెనక్కి తేవడం కుదర్లేదు. తెరిచి ఉన్నంతసేపూ అండూ నొక్కుతూ పోతే పాత మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వస్తాయని, మూస్తే రావని అప్పుడు తెలిసింది. ఒక్క మాట కూడా పోకుండా కాపాడటమే జీవితంగా బతికిన మనిషికి అది చాలు. అప్పటి నుంచి ఫైలు మూయలేదు. కంప్యూటర్ ఆపలేదు. సేవ్ అన్న మాట మీదే నమ్మకం పోయింది. తనంతట తనే సేవ్ అయ్యే ఏర్పాటు ఒకటుంటే, దాన్ని కూడా ఆపించింది. ఆ మహత్కార్యం చేసిపెట్టింది మా ఆయన. “అమ్మ అడిగింది కదా” అంటాడు. ఆ పంచాయితీ వేరే ఉంది.

అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఇంకో పిడుగు. కరెంటు మీటర్ల గదిలో ఎలక్ట్రీషియన్ పాత బోర్డు విప్పి కొత్తది బిగించే పనిలో ఉన్నాడు. లిఫ్టు పక్కన నోటీసు అంటించి చాలా రోజులైంది. నేనే చదివి, నేనే మరిచిపోయాను.

“అన్నా, మా ఇంటి లైను ఆపకు!”

“కింద అంతస్తులన్నీ ఆపేశానక్కా. మీది కూడా ఆపితేగానీ పని ముందుకెళ్లదు.”

“మా అత్తయ్య నాటకం పోతుందన్నా!”

నాటకానికీ కరెంటుకీ ఏం సంబంధమో అతనికి అర్థం కాలేదు. అయినా నా మొహం చూసి జాలిపడ్డాడు. “సరే, టీ తాగొచ్చేదాకా ఆగుతా. ఆ తర్వాత నన్నేం అనొద్దు,” అన్నాడు. నిదానంగా తాగమని వేడుకుని మెట్లెక్కాను.

ఇంట్లో దృశ్యం చూడాల్సిందే. కంప్యూటర్ డబ్బాకి జ్వరం వచ్చినట్టుందని అత్తయ్య దానికి టేబుల్ ఫ్యాన్ పెట్టింది. దిండు పట్టుకుని పక్కనే నిలబడింది. మావయ్య అవతల కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు బఠాణీలు ఒలుచుకుంటున్నాడు. గింజలు చెత్తబుట్టలో, తొక్కలు గిన్నెలో వేస్తున్నాడు. ఆయన మతిమరుపు అలాంటిది. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. ఇంట్లో ఏం చెప్పినా “ఊఁ” అంటాడు, తర్వాత అడిగితే “ఎప్పుడు చెప్పావు?” అంటాడు. ఆయనకి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటేనని అత్తయ్య పెళ్లయినప్పటి నుంచీ అంటూనే ఉంది.

డబ్బాకి చెవి ఆనించాను. టక్, టక్. డిస్కులో రాసే ముల్లు తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి కొట్టుకుంటోంది. ఇక అది లేవదు.

“డిస్కు పోయింది అత్తయ్యా.”

“అదేంటి, తెర మీద అక్షరాలు నిక్షేపంగా ఉంటేనూ?”

ఆ ప్రశ్న షాపులో రోజూ వింటాను. కోపం ఆపుకుని, ఆవిడ భాషలోనే చెప్పాను. “కంప్యూటర్‌కి గుర్తుంచుకునే చోట్లు రెండున్నాయి. ఒకటి మెమరీ. అది స్టేజీ మీద నటుడు. అడిగిన మాట టక్కున చెప్తాడు, కానీ లైట్లు ఆరిపోతే అన్నీ మరిచిపోతాడు. కరెంటు ఉన్నంతసేపే వాడి తెలివి. రెండోది డిస్కు. అది మీ చేతిలో ఉండే రాతప్రతి. పేజీ తిప్పి వెతకాలి, ఆలస్యం అవుతుంది, కానీ దీపం ఆర్పి వెళ్లిపోయినా మర్నాడు అలాగే ఉంటుంది. సేవ్ చేయడమంటే నటుడి నోట్లో ఉన్నది రాతప్రతిలోకి ఎక్కించడం.”

అత్తయ్య దిండు కింద పెట్టింది. “అంటే నేను ఎక్కించలేదు.”

“ఎక్కించి ఉంటే డిస్కు చచ్చినా నా షాపులో ఏదో తిప్పలు పడి లాగేదాన్ని. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి లాగను?”

“ప్రాంప్టర్ పడిపోయింది,” అంది అత్తయ్య మెల్లగా. “నటుడు ఇంకా మాట్లాడుతున్నాడు.”

“అంతే. వాడు నోరు మూసేలోపు మనం రాసుకోవాలి.”

పెన్ డ్రైవు పెడదామంది. వద్దన్నాను. కొత్త వస్తువు పెడితే అదేమిటో తెలుసుకోవడానికి సిస్టం మళ్లీ డిస్కునే అడుగుతుంది. డిస్కు జవాబివ్వదు. జవాబు కోసం ఇది నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోతుంది. ప్రింటరుతోనూ అదే గొడవ. ఇక మిగిలింది ఒకటే దారి. తెర మీద ఉన్నదాన్ని ఫోనుతో ఫొటో తీసుకోవడం. ఇంత చదువూ చదివి, ఇన్ని పరికరాలు పెట్టుకుని, చివరికి కంప్యూటర్‌కి ఫొటోలు తీసే గతి పట్టింది నాకు.

కర్సరు రంగం చివర్లో ఉంది. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లాలి. అత్తయ్య ఒక్కో పేజీ పైకి జరిపింది, నేను తీశాను. కెమెరా చప్పుడు, డిస్కు చప్పుడు, బఠాణీల చప్పుడు. మధ్యలో ఆవిడ, “ఈ మాట మార్చుదామా?” అని మీట మీద వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇంతలో ఫ్యాన్ ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ టీ అయిపోయిందన్నమాట. బల్ల కింద యూపీఎస్ కుయ్‌కుయ్‌మని మొదలుపెట్టింది.

“ఎంతసేపు ఉంటుంది?”

“దాని బ్యాటరీ ముసలిదైపోయింది. జరపండి, జరపండి!”

ఇంకొక్క పేజీ మిగిలింది. రంగం మొదట్లో వచ్చే పేజీ. ప్రాంప్టర్ తెర తప్పించుకుని ముందుకొచ్చి చెప్పే మాటలు అందులో ఉన్నాయి. అత్తయ్య మీట నొక్కింది. తెర కదల్లేదు. మళ్లీ నొక్కింది. ప్రోగ్రాం దేనికోసమో డిస్కుని అడిగినట్టుంది. పాత పేజీ అలాగే బిగుసుకుపోయింది. యూపీఎస్ ఒక్కసారి పొడుగ్గా కూసి ఊరుకుంది.

తెర నల్లబడింది. టక్ టక్ కూడా ఆగింది.

“ఫర్వాలేదు అత్తయ్యా, ఆ ఒక్క పేజీనే కదా, మీరు రాసిందే కదా,” అంటూ కాగితం, పెన్సిలు చేతిలో పెట్టాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. ఒక వాక్యం రాసింది, కొట్టేసింది. ఇంకొకటి రాసింది, కొట్టేసింది. ఎన్నిసార్లు మార్చిందో, ఏది చివరిదో, ఏది మొదటిదో, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి.

“ఏ నాటకమైనా చెప్పు, ఎవరి మాటలైనా ఇప్పుడే చెప్తాను,” అంది. “ఇంతమంది మాటలు గుర్తున్నాయి. నావే లేవు. రేపు బయటికొచ్చి ఏం చెప్పను? అలవాటు లేని పని పెట్టుకున్నాను, తగిన శాస్తి జరిగింది. వేషం వద్దని చెప్పేస్తాను.”

కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. చచ్చిపోయిన డిస్కులు ఎన్నో చూశాను. ఎదుటివాళ్లకి ఓదార్పు మాటలు చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే. అప్పుడు మాత్రం పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను.

“ఏ ముక్క కావాలోయ్?” అన్నాడు మావయ్య బఠాణీల్లోంచి తల ఎత్తకుండా. “చంద్రుడూ నక్షత్రాలూ ఉన్నదా? నిప్పులు చెరిగేదా? లేకపోతే చిరుగుదా?”

ఇద్దరం అటు తిరిగాం.

“చిరుగుదా?” అంది అత్తయ్య.

“అదే, నువ్వు వర్షం పడ్డ రోజున రాసి, బాగా చప్పగా ఉందని మర్నాడు కొట్టేశావే. నాకైతే అదే బాగుంది.” ఆయన గిన్నె పక్కన పెట్టాడు. “‘మీరెవరూ నన్ను చూడలేదు. నేను మిమ్మల్ని అందర్నీ చూశాను. తెరకి ఒక చిరుగు ఉంది, అందులోంచి. ఎవరు ఏ మాటకి నవ్వారో, ఎవరు చీకట్లో కళ్లు తుడుచుకున్నారో నాకు తెలుసు. ఆ మాటలు మీ దాకా వచ్చే ముందు ఒక్క క్షణం నా నోట్లో ఉన్నాయి.’ ఆ తర్వాత దండం పెట్టి ముందుకొస్తావు. చంద్రుడిది కావాలంటే అదీ చెప్తాను గానీ, అది కొంచెం ఎక్కువైంది.”

రోజూ టైపు చేస్తూ పైకి చదువుకోవడం అత్తయ్య అలవాటు. రోజూ ఆ కుర్చీలోనే ఏదో ఒలుస్తూ కూర్చోవడం ఆయన అలవాటు. ఈ రెండూ ఒకే గదిలో జరుగుతున్నాయన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

“మీరు వింటున్నారా?” అంది అత్తయ్య.

“నువ్వు చదువుతుంటే వినక ఏం చేస్తాను?”

“మరి గ్యాస్ కట్టేయమంటే వినపడదే!”

“అది నాటకంలో లేదుగా,” అన్నాడు మావయ్య.

అత్తయ్యకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెన్సిలు తీసి రాసుకుంది. మధ్యలో రెండు చోట్ల “అలా కాదు, ఇలా” అని ఆయన దిద్దబోతే, “రాసింది నేనా మీరా?” అని గదమాయించింది. ఇల్లు మళ్లీ ఇల్లులా అయింది. నేను చెత్తబుట్టలోంచి బఠాణీ గింజలు ఏరుకున్నాను.

మర్నాడు సాయంత్రం హాలు నిండింది. అత్తయ్య నిలబడే చోట, తెర పక్కన, నన్ను నిలబెట్టారు. చేతిలో ఫోను, అందులో కంప్యూటర్ తెర ఫొటోలు, జాకెట్‌లో పెన్సిలుతో రాసిన కాగితం. నా వెనక మావయ్య మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్యకి ఇవ్వమంటే ఇవ్వడం మరిచిపోయి అక్కడే ఉండిపోయాడు.

చివరి రంగం వచ్చింది. అత్తయ్య తెర తప్పించుకుని వెలుతుర్లోకి నడిచింది. “మీరెవరూ నన్ను చూడలేదు,” అంది. హాలంతా సద్దుమణిగింది. “నేను మిమ్మల్ని అందర్నీ చూశాను. తెరకి ఒక చిరుగు ఉంది, అందులోంచి.”

ఆగిపోయింది.

కాగితం కోసం తడుముకున్నాను. చీకట్లో అది ఎటు తిరిగిందో, ఏ వరసలో ఉందో కనిపించి చావదు. ఆవిడ మెల్లగా మా వైపు తల తిప్పింది. అందరికీ మాట అందించిన మనిషి మాట కోసం ఎదురు చూస్తోంది.

“ఎవరు ఏ మాటకి నవ్వారో,” అన్నాడు మావయ్య నా భుజం మీదుగా. చేతిలో కాగితం లేదు. కళ్లజోడు నెత్తి మీద ఉంది.

అత్తయ్య జనం వైపు తిరిగి మిగతాదంతా చెప్పింది. ఒక్క అక్షరం పోలేదు. చప్పట్లు ఈసారి తెరకి అటూ ఇటూ మోగాయి. ఇటువైపు కొట్టింది నేనే, గట్టిగా.

ఆటోలో ఇంటికి వస్తుంటే మావయ్య ఉండబట్టలేకపోయాడు. “నిన్న అన్నిసార్లు వల్లె వేసి కూడా మరిచిపోయావేమోయ్?”

“మరిచిపోలేదు,” అంది అత్తయ్య, వీధి వైపు చూస్తూ. “మీకు గుర్తుందో లేదో చూశాను.”

నిజమో, కప్పిపుచ్చుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మావయ్య మాత్రం ఇల్లు చేరేదాకా సీసా ఒళ్లో పెట్టుకుని ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

ఆ వారమే కంప్యూటర్‌కి కొత్త డిస్కు వేశాను. అత్తయ్య ఇప్పుడు కొత్త నాటకం రాస్తోంది. నా పోరు పడలేక పేజీ పేజీకీ సేవ్ నొక్కుతుంది. ఏదైనా సరే రెండు చోట్ల దాచుకోండి, ఒకటి పోతే రెండోది ఉంటుంది అని షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తుంటాను. మా ఇంట్లో ఆ మాట అత్తయ్య ఒక్కతే వింటుంది. సేవ్ నొక్కాక కుర్చీ అటు తిప్పుకుని, మొదటి నుంచి పైకి చదువుతుంది.

“విన్నారా?” అంటుంది.

“ఊఁ,” అంటాడు మావయ్య.