మడమ పడే చోటు

వాన పడితే చాలు, నేల చెక్కల్లోంచి పైన్ బంక వాసన లేస్తుంది.

చెట్టు కొట్టి ముప్ఫై ఏళ్లయినా బంక చావదు.

వంటింటి బల్ల కింద ఒక చెక్క గుంటపడింది. మడమంత గుంట. తుడిచినప్పుడల్లా అక్కడే నీళ్లు నిలుస్తాయి. వర్లీన్ ఈ ఉదయం కూడా తుడిచింది. నల్ల గౌను వేసుకున్నాక, చర్చికి బయలుదేరే ముందు, ఎందుకో ఇంకోసారి వంగి తుడిచింది.

ఆ గుంట ఆమె మొగుడు లియోటిస్‌ది. ఇవాళ అతన్ని పాతిపెడతారు.

టెక్సాస్ తూర్పు అడవిలో సామిల్లు. సామిల్లు పక్కన సారాకొట్టు. సారాకొట్టులో ఒక పాత పియానో. దాని ఎడమవైపు మెట్టొకటి మూగది. ఎంత నొక్కినా పలకదు. రాత్రిళ్లు అక్కడ వాయించే లియోటిస్ దాన్ని తిట్టలేదు. ఆ స్వరం రావలసిన చోట మడమతో నేలను కొట్టేవాడు—

ధబ్.

ఎడమ చెయ్యి గూడ్సుబండిలా నడిచేది... నడిచేది... ధబ్. పగలంతా దుంగలు మోసినవాళ్లు ఆ ఒక్క చప్పుడికి లేచి ఆడేవాళ్లు.

తర్వాత మంచి పియానోలే దొరికాయి. అయినా ఆ చోట వేలు ఆగేది. మడమ పడేది.

ఒకే ఒక్కసారి పట్నం వాళ్లు పిలిచి రికార్డు తీశారు. కాలి చప్పుడు అడ్డమని పాదాల కింద మందపాటి తివాచీ పరిచారు. మడమ పడింది. రికార్డులో పడలేదు.

పాటకి చిల్లు పడింది.

విన్నవాళ్లు “పాపం, వేలు జారింది” అని నవ్వారు. మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. రచ్చ సంగతి అదీ. ఇక ఇంట్లో—

ఇంట్లో వర్లీన్ ఉంది. చర్చిలో పియానో వాయించే వర్లీన్. ముందుగదిలో ఆమె పియానో ఉంది. దాని మీద బ్లూస్, ఆ సారాకొట్టు పాటలు, వాయించకూడదు. జనాన్ని లేపి ఆడించే బూగీ-వూగీ మాటే ఎత్తకూడదు. అందుకని అతను వంటింటి బల్ల మీద వాయించుకునేవాడు. పైన చప్పుడు లేని వేళ్లు. కింద ధబ్.

“బీన్స్ చల్లారిపోతున్నాయి. ఆ దెయ్యం పాట ఆపి తిను.”

“దెయ్యం కాదే, నేనే.”

పోయిన చలికాలం, దగ్గు ముదిరాక, అదే బల్ల దగ్గర అన్నాడు.

“నేను పోయిన్నాడు నువ్వే వాయించాలి వర్లీన్. ఆ చోట మడమ వెయ్యి. ఒక్కసారి చాలు.”

“చర్చిలోనా? నీకు మతిగాని పోయిందా?”

అతను నవ్వాడు. ఆమె గిన్నెలు కడుక్కుంది.

నిజానికి ఆ ఎడమ చెయ్యి అంటే ఆమెకి ప్రాణం. ముప్ఫై ఏళ్లలో ఒక్కనాడూ చెప్పలేదు.

చర్చి రేకుల మీద వాన. చర్చి నేలా ఆ సామిల్లు చెక్కే. అదే వాసన.

“సిస్టర్ వర్లీన్, మామూలు కీర్తనే కదా? నాలుగు చరణాలు” అని పాస్టరు గొంతు తగ్గించాడు. “వెనక బెంచీ నిండా సారాకొట్టు గుంపే కూచుంది. వాళ్లకి సందివ్వకమ్మా.”

“మామూలు కీర్తనే, పాస్టరు గారూ.”

మొదటి చరణం కాగితం మీద ఉన్నట్టే సాగింది.

రెండో చరణంలో ఎడమ చెయ్యి మాట వినలేదు. అతని నడక నడిచింది. నెమ్మదిగా... ఏడుపంత నెమ్మదిగా. ఆ చోటు వచ్చింది. వేలు ఆగింది.

మడమ లేవలేదు.

చిల్లు. రికార్డులో ఉన్న చిల్లే.

మూడో చరణం. మళ్లీ ఆ చోటు. వేలు ఆగింది... వెనక బెంచీలోంచి—

ధబ్.

సీఫస్. సామిల్లు రంపానికి రెండు వేళ్లిచ్చుకున్న ముసలాయన. పాస్టరు కళ్లు తెరిచాడు.

“సీఫసూ, ఇది చర్చి!” అని పక్కనున్న అతని పెళ్లాం గిల్లింది.

“తెలుసులేవే. వాడి చోటు ఖాళీగా పడుంటే చూస్తూ ఊరుకోమంటావా?”

వర్లీన్‌కి ఏడుపు ఆగలేదు. బతికుండగా ఒక్కసారి ముందుగదిలోకి పిలిచి, ‘కూర్చో, వాయించు’ అని ఉంటే ఏం పోయేది? ఆ నేలా గుంటపడేది. అంతేగా.

ఇంకొక్క చరణమే ఉంది.

ఎడమ చెయ్యి నడుస్తోంది... నడుస్తోంది... పాస్టరు ఆమెనే చూస్తున్నాడు. సీఫస్ కాలు కదపలేదు. వెనక బెంచీ అంతా ఆమె కోసం ఆగింది.

వాన. చెక్కల్లోంచి పైన్ బంక వాసన.

వేలు ఆగింది. నల్ల బూటులో ఆమె మడమ లేచి ఉంది...