కోడళ్ల దిబ్బ

ఇనుము తెలియని కాలం. రాతి గొడ్డలితో అడవి నరికి, కర్రమొనతో నేల గీసి గింజలు చల్లుకునే ఊరు. పొలం ఎవరిదని అడిగితే చెయ్యెత్తి మట్టిదిబ్బను చూపేవాళ్లు. దిబ్బ కడుపులో రాళ్లు పేర్చిన గది, గదిలో తాతముత్తాతల ఎముకలు. వాళ్లు లోపల పడుకున్నంత కాలం నేల మనవళ్లది.

ఆ రోజు తెల్లారుతూనే తమ్ముడి పెళ్లాం చచ్చిపోయింది. ఆమెను చాపలో చుట్టి, భుజాన వేసుకుని తమ్ముడు దిబ్బ దగ్గరికి వచ్చాడు. గది వాకిలి మూసిన రాతిపలక ముందు అన్న నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి?"

"లోపలికి."

"ఈ ఇంట పుట్టినవాళ్లకే లోపల చోటు. బయటినుంచి వచ్చినదాన్ని వాగొడ్డున పెట్టు. అమ్మను అక్కడే పెట్టలేదూ?"

తమ్ముడు చాప దించాడు. పాదాలు రెండూ బయటికి వచ్చాయి. మోకాళ్ల మీద కూర్చుని గింజలు నూరి నూరి బొటనవేళ్లు వెనక్కి వంగిపోయి ఉన్నాయి.

"బయటిదా? నీ చేలో పండే గింజ ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నను రా అనడం అదే మొదలు. "పుట్టింటినుంచి మూటగట్టుకుని ఇదే తెచ్చింది. అప్పటిదాకా దుంపలు తవ్వుకు తిన్నాం. కడుపు నిండాక పరాయిదైందా? ఏరు దాటాక తెప్ప తగలేసే బుద్ధి!"

"నోరు జారకు. దీన్ని లోపల పెడితే రేపు దీని అన్నదమ్ములొచ్చి నేల మాదంటారు."

"అదీ సంగతి! భయం నేల కోసం, సాకు తాతల పేరు."

అన్న పలకకు వీపు ఆనించి కదల్లేదు. తమ్ముడు శవాన్ని మళ్లీ ఎత్తుకుని, తన మొలకలు తానే తొక్కుకుంటూ చేను నడుమకు పోయాడు. గొయ్యి తవ్వి పడుకోబెట్టి, నూరుడురాయి తల దగ్గర పెట్టి, గంపతో మట్టి పోయసాగాడు.

"రెండో దిబ్బ లేపుతున్నావా? ఊరు రెండవుతుందిరా!" అన్న గట్టు మీంచి అరిచాడు.

"కానియ్."

పొద్దు నడినెత్తికొచ్చేసరికి వదిన వచ్చింది, నెత్తిన గంపెడు మట్టితో. వెనకే ఊళ్లో మిగతా కోడళ్లు. అన్న అడ్డం వచ్చాడు.

"నీకేం పనే ఇక్కడ?"

"నేనూ బయటిదాన్నేగా." మొగుణ్ణి భుజంతో నెట్టి వెళ్లి మట్టి కుమ్మరించింది. "మరిదీ, దీని పక్కన నాకూ చోటుంచు. మీ అన్నగారిని వాళ్ల తాతలు చూసుకుంటార్లే."

ఎవరూ నవ్వలేదు. గంప వెనక గంప, మట్టి పడుతూనే ఉంది.

ఆ పూట అన్న ఇంట గింజలు నూరేవాళ్లు లేరు.