కిటికీ కాపలా

ఆ వీధిన వెళ్ళేవారికి రోజూ సాయంత్రం ఒక కిటికీ దగ్గర తొమ్మిదేళ్ళ పిల్ల కనిపించేది. చేతిలో పుస్తకం ఉండేది, చూపు మాత్రం గేటు మీద ఉండేది. బుద్ధిమంతురాలు, చదువుకుంటోందని అందరూ మెచ్చుకునేవారు. నిజానికి ఆ పిల్ల కాపలా కాస్తోంది.

లోపల తల్లి కుట్టుమిషను తొక్కేది. ఆ చప్పుడు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడకు గిట్టదు. "ఇది ఇల్లనుకున్నారా, సంతనుకున్నారా?" అని ఒకసారి గుమ్మంలో నిలబడి అడిగింది. ఆనాటి నుంచి తల్లి మిషను కాళ్ళ కింద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, ఇంటావిడ బయటికి వెళ్ళినప్పుడే కుట్టేది. గేటు తెరుచుకోగానే పిల్ల రెండుసార్లు దగ్గాలి. దగ్గు వినబడగానే తల్లి పాదాలు ఆగిపోవాలి. పిల్లకు జలుబు చేసి నిజంగానే దగ్గిన వారంలో ఒక్క గౌనూ పూర్తి కాలేదు.

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. వీళ్ళది అప్పటికే ఎనిమిదో ఇల్లు. తండ్రి పోస్ట్‌మ్యాన్. ఊళ్ళో అందరి చిరునామాలూ ఆయనకు నోటికి వచ్చు. తన చిరునామా అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించుకునేవాడు. ఒకచోట నిలవని కూతురికి పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. నిలవమంటే ఎలా నిలుస్తుంది? బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే ఆగి, ఇంటి ముందు సామాన్ల బండి ఉందేమోనని తొంగిచూడటం దానికి అలవాటైపోయింది. బండి లేకపోతే ఆ పూటకి బతికినట్టే.

"నాన్నా, మనకి సొంతిల్లు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది ఒకరోజు.

"అదేమన్నా ఉత్తరమా తల్లీ, రేపొద్దున తెచ్చి ఇవ్వడానికి?"

"అయితే నేనే కొంటా. అప్పుడు అమ్మ వీధంతా వినబడేలా కుట్టాలి."

తల్లి నవ్వి దారం కొరికింది. పిల్ల నవ్వలేదు.

పాతికేళ్ళు పట్టింది. పిచ్చుక ఆసుపత్రిలో నర్సు అయింది. నిద్రలేని డ్యూటీలు చేసింది, ఎన్నో కోరికలు చంపుకుంది, చివరికి మేడ గది ఉన్న చిన్న ఇల్లు కొంది. రిటైరైన తండ్రి తన పేరుకి తనే కార్డు రాసుకుని, అది కొత్త చిరునామాకి సరిగ్గా చేరుతుందో లేదో చూశాడు. తల్లి మిషనుని దుప్పటి లేకుండా ఉత్త నేల మీద పెట్టి తొక్కింది. ఇల్లంతా మోగింది. అంతలో గేటు కిర్రుమంది. ఆమె పాదాలు టక్కున ఆగిపోయాయి.

"ఇంటివాళ్ళొచ్చారేమో చూడవే."

"ఇంకా ఏ ఇంటివాళ్ళమ్మా? ఇప్పుడు ఇంటివాళ్ళం మనమే."

ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ మాటలో ఎంత ప్రమాదముందో అప్పుడెవరికీ తోచలేదు.

మేడ గదిని చెక్కబొమ్మలు చేసే అతనికి అద్దెకిచ్చారు. అతనికి భార్య, ఏడేళ్ళ కూతురు. పిచ్చుక రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకునేది. సుత్తి దెబ్బలు నెత్తిమీదే పడుతున్నట్టుండేవి. వారం ఓర్చుకుంది. ఎనిమిదో రోజు మెట్లెక్కి గుమ్మంలో నిలబడి, "ఇది ఇల్లనుకున్నారా, సంతనుకున్నారా?" అంది.

చప్పుడు ఆగిపోయింది. ఆమెకు నిద్ర దొరికింది, మనసుకి మాత్రం ఊరట చిక్కలేదు. ఎందుకో తెలియలేదు. పక్కమీద అటూ ఇటూ దొర్లేది.

ఒకనాటి సాయంత్రం బజారు నుంచి వచ్చి గేటు తీసింది. పైనుంచి దగ్గు వినిపించింది. రెండుసార్లు. అంతవరకూ సన్నగా వినవస్తున్న సుత్తి మోత ఆగింది.

పిచ్చుక కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. తలెత్తి చూసింది. మేడ కిటికీలో పుస్తకం పట్టుకున్న పిల్ల గబుక్కున తల దించుకుంది.

లోపలికి వచ్చి తల్లి దగ్గర కూలబడింది. "అమ్మా, ఆ పిల్ల దగ్గింది."

"రోజూ దగ్గుతూనే ఉంది," అంది తల్లి, కుడుతున్న గుడ్డ మీంచి చూపు తిప్పకుండా. "అత్తా ఒకింటి కోడలే అంటారు. ఆ సంగతి అత్తకు గుర్తుండాలిగా. నీ అంతట నువ్వే వింటావని చూస్తున్నా."

పిచ్చుక సిగ్గుపడింది. లేచి మెట్లెక్కింది. బొమ్మలతను సుత్తి వెనక దాచుకున్నాడు. పీట కింద నాలుగు మడతల దుప్పటి ఉంది. దాన్ని చూసి ఆమెకు దుఃఖం ఆగలేదు.

"తప్పు నాదే అన్నా. నేను పడుకునేది మధ్యాహ్నం రెండింటి దాకే. ఆ మాట మొదటే చెప్పాల్సింది. రెండు తర్వాత మీ ఇష్టం, ఇది మీ ఇల్లు," అంది. ఇంకా కిటికీ దగ్గరే బిగుసుకుని నిలబడి ఉన్న పిల్లను దగ్గరికి తీసుకుంది.

"అయితే నేనింక ఇక్కడ నిలబడక్కర్లేదా అత్తా?"

"అక్కర్లేదమ్మా. పోయి ఆడుకో."

పిల్ల మెట్ల మీద దబదబ దూకుతూ దిగింది. కింద తల్లి మిషను, పైన సుత్తి ఒకేసారి మోగాయి. వాకిట్లో కూర్చున్న తండ్రి, కిందికి దిగి వచ్చిన కూతుర్ని చూసి నెమ్మదిగా అన్నాడు.

"చిన్నప్పుడు నువ్వు కోరుకున్న ఇల్లు ఇవాళొచ్చిందే పిచ్చుకా. తాళంచెవి ఎవరి దగ్గరున్నా సరే, బిడ్డలు భయం లేకుండా అడుగులు వేసేదే ఇల్లు."