ఈదమ్మ నోరు విప్పిన రోజు

గుడ్డును గిన్నె అంచుకు కొట్టి, తెల్లసొనను వేళ్ల సందుల్లోంచి జారవిడిచింది ఈదమ్మ. అరచేతిలో మిగిలిన పచ్చసొనను పింగాణీ గిన్నెలోకి వదిలింది. సూర్యాపేట పశువుల దవాఖాన వెనక గదిలో ఆరునెలలుగా ఆమెకిదే పని. పెన్‌పహాడ్ కోళ్లు, గరిడేపల్లి వరిమళ్లలో మేసే బాతులు, మిర్యాలగూడ గిన్నీకోళ్లు. ఏ జాతి గుడ్డులో కొలెస్టరాల్ అనే కొవ్వు ఎంతుందో తేల్చమని హైదరాబాదు నుంచి జగదీశ్ అనే పరిశోధకుణ్ణి పంపారు.

ఈదమ్మకు అరవై దాటాయి. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం. పోలీసు చర్యకు ముందు దొర గడికి వెట్టిగా గుడ్లు మోసిన మనిషి. ఒకసారి "గీ గుడ్డు మురిగింది దొరా" అన్నందుకు చెంప పగిలింది. అప్పటినుంచి అడిగితే తప్ప మాట్లాడలేదు. ఇక్కడ నెలజీతం. పైగా జగదీశ్ ఆమెను అవ్వా అని పిలుస్తాడు. పరీక్షకు అక్కర్లేని తెల్లసొన కూడా ఆమెకే. ఉల్లిగడ్డ వేసి పొరటు చేసి వాడకట్టు పిల్లలకు పంచుతుంది.

ఆ రోజు ఆఖరి పరీక్ష. రిపోర్టు సాయంత్రం బస్సుకు వెళ్లాలి. "ఇది కోడి, ఇది బాతు" అని తనలో తాను అనుకుంటూ జగదీశ్ గిన్నెలకు చీటీలు అంటించాడు.

ఈదమ్మ నోరు తెరిచింది, మూసింది, చెంప తడుముకుంది.

"సారూ, కోపం జెయ్యకు. గది కోడిది గాదు. బాతు సొన జర గట్టిగుంటది, ఏలికి అంటుకుంటది. నేనే పోసిన గద."

జగదీశ్ గిన్నెలు రెండూ కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"నిజమే అవ్వా! నువ్వు చెప్పకపోతే ఇన్నాళ్ల పనీ తప్పయ్యేది."

చీటీలు మార్చాడు. సొనల్లోంచి తీసిన కొవ్వుకు యాసిడ్ కలిపితే ఆకుపచ్చ రంగు తేలింది. రంగు ముదిరితే కొలెస్టరాల్ ఎక్కువన్నట్టు. బాతుదే అన్నిటికన్నా ముదురు. రిపోర్టు చివర ఒక వాక్యం చేర్చి, పైకి చదివాడు: "సొనలు వేరుచేసినది, పొరపాటు దిద్దినది ఈదమ్మ."

"నా పేరు పట్నం దాంక పోతదా?"

"పోతుంది అవ్వా."

"నీ కడుపు సల్లగుండ బిడ్డా! నన్నెవలడిగిండ్రు ఇన్నేండ్లు?" కొంగుతో కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, గోడకు ఆనుకుని అరుగు మీద కూర్చుంది.

బస్సులో రిపోర్టు ఇచ్చి జగదీశ్ తిరిగొచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది. పిలిచాడు. భుజం తాకి మళ్లీ పిలిచాడు. ముఖం మీద నవ్వు ఉంది, ఊపిరి లేదు.

పక్కన వక్కలసంచి మూతి విప్పి ఉంది. దాని మీద సున్నం రాసిన తమలపాకు ఒకటి, ఇంకా మడవలేదు.