కట్టినవారి పేరు

అమీర్‌పేటలో ఒక ప్రభుత్వ కార్యాలయం ఉంది. పేరు చెప్పను, చెప్పినా ఒరిగేదేమీ లేదు. దాని రెండో అంతస్తులో, కిటికీలోంచి మెట్రో రైలు కనబడే గదిలో, యూనిస్ టీచరు పది రోజుల్లో ఆరోసారి అదే కుర్చీ ముందు నిలబడింది. కుర్చీలో మనిషి లేడు. కుర్చీ వీపు మీద తువ్వాలు మాత్రం ఉంది. తువ్వాలుంటే సారు వచ్చినట్టేనని అటెండరు భరోసా ఇచ్చాడు.

ఆ రోజు శుక్రవారం. సోమవారం పొద్దున కోటగుట్ట మీది రాతి తోరణాన్ని కూలగొడతారు. కూలగొట్టే ఆ ఉత్తర్వు రావడానికి కారణం యూనిస్ చేతి రాత. అందుకే ఆమెకు కార్యాలయం మీద ఎంత కోపముందో తన మీద అంతకు రెట్టింపు ఉంది.

యూనిస్‌కు యాభై రెండేళ్ళు. పంజాగుట్టలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతుంది. గాలీ నీరూ రాయిని తొలిచి తోరణంగా ఎలా మలుస్తాయో ఇరవై రెండేళ్ళుగా విదేశాల బొమ్మలు చూపించి వివరించింది. రెండో శనివారాల్లో ఆమె, ఎస్.ఆర్. నగర్‌లో ఉండే రిటైర్డు బ్యాంకు ఉద్యోగి రఘురామ్ గారు, ఇంకో నలుగురైదుగురు కలిసి పాత కోటలున్న గుట్టలు ఎక్కుతుంటారు. అలా నిరుడు చలికాలంలో కోటగుట్టకు వెళ్ళారు. బస్సులో రెండు గంటలు, ఆపైన బండల మీద గంటన్నర నడక. పైన కూలిన బురుజులు, సగం విరిగిన గోడలు, ఎండిపోయిన రాతి తొట్టి. ఏ రాజు కట్టించాడో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. దిగేటప్పుడు మేకలు కాసే మొగిలయ్య ఎదురయ్యాడు.

"గా పక్కన కమాన్ ఉన్నది మేడం, చూస్తరా?"

రెండు బండల మధ్య సందులోంచి పక్కవాటుగా నడిచి అవతలికి పోతే, ఒకే రాయి ఇటు గుట్ట మీంచి లేచి, రెండు నిలువుల ఎత్తున వంగి, అటు గుట్ట మీద దిగి ఉంది. దాని కింద నుంచి దూరాన చెరువు కనబడుతోంది. యూనిస్ దాని కిందికి వెళ్ళి రాయిని తడిమి చూసింది. రెండు గంటల దూరంలో ఇది పెట్టుకుని ఇన్నేళ్ళూ పరాయి దేశాల బొమ్మలు చూపించానే అని సిగ్గుపడింది. వచ్చే డిసెంబరులో తొమ్మిదో తరగతి మొత్తాన్నీ దీని కిందనుంచి నడిపించాలని అక్కడే నిశ్చయించుకుంది.

అయితే గుట్ట కింద కంకర మిషను ఉంది. అది ఏటా ఇంత గుట్టను మింగుతూ పైకి వస్తోంది. దాన్ని ఆపాలంటే అర్జీ పెట్టాలి. "సహజ శిలాతోరణం అని రాయండి టీచరుగారూ, అదే సరైన మాట" అన్నారు రఘురామ్ గారు. ఆయనది భీమవరం, ఏ మాటైనా నిండుగా ఉండాలి. యూనిస్ వినలేదు. శిలాతోరణమంటే ఆఫీసులో ఎవడికి అర్థమవుతుంది, మొగిలయ్య మాటే అందరికీ తెలిసిన మాట అనుకుంది. 'కోటగుట్ట మీది రాతి కమాన్‌ను కాపాడగలరు' అని రాసి ఈ కార్యాలయంలో ఇచ్చింది.

ఆ ఒక్క మాట కొంప ముంచింది. హైదరాబాదులో కమాన్ అంటే కాలనీ మొదట్లో కట్టే స్వాగత ద్వారం. సిమెంటు స్తంభాలు, పైన కాలనీ పేరు, ఆ పైన నాయకుడి బొమ్మ. సరిగ్గా ఆ నెలలోనే అనుమతి లేని కమాన్లన్నీ తీసెయ్యమని పైనుంచి ఆదేశం వచ్చి ఉంది. ఏ అర్జీకీ ఏడాదిదాకా జవాబివ్వని కార్యాలయం ఈ ఒక్క అర్జీకి నెల తిరక్కుండా లేచి పరిగెత్తింది.

మొగిలయ్య ఫోన్ చేశాడు. "మేడం, గా కమాన్‌కు కాయితం అతికిచ్చి పోయిండ్రు. పర్మిషన్ లేకుంట కట్టిండ్రంట. కూలగొడ్తరంట. మిషనోళ్ళు మస్తు ఖుషీగున్నరు, రాళ్ళు మేమే ఎత్తుకపోతమంటుండ్రు."

అప్పటినుంచి ఈ తిరుగుడు. మొదటిసారి సారు మీటింగులో ఉన్నాడు. రెండోసారి సర్వర్ పనిచెయ్యలేదు. మూడోసారి కింది అంతస్తుకు పొమ్మన్నారు, కింది అంతస్తువాళ్ళు పైకి పొమ్మన్నారు. నాలుగోసారి ఆమె ఫొటోలు తీసుకుపోయింది. ఐదోసారి ఆ ఫొటోలు ఫైల్లోంచి మాయమయ్యాయి. బడిలో ఆమెకున్న సెలవులు అయిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ ముఖం చిట్లించడం మొదలుపెట్టింది.

పదకొండున్నరకు సెక్షన్ గుమస్తా రామ్మోహనరావు వచ్చి తువ్వాలు సర్దుకుని కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని పోయేది.

"సార్, అది ఎవరూ కట్టింది కాదు. కొండరాయి. గాలికీ వానకూ అరిగి అట్లా అయింది."

"మేడం, మీ అర్జీల మీరే కమాన్ అని రాసిన్రు కదా."

"తప్పే సార్. నా తప్పే. ఇప్పుడు రాయి అని రాసిస్తాను."

"రాయి అయితే మా సెక్షన్‌కు రాదు. గనులోళ్ళకు పోవాలె. వాళ్ళు చూసి మాకు రాస్తే, మేము ఫైలు బంద్ చేస్తం. మూడు నెలలు పడ్తది."

"సోమవారం కూలగొడతారు సార్."

"గదే చెప్తున్న."

ఆయన ఫైలు తిప్పి తనిఖీ నివేదిక చదివి వినిపించాడు. ఎత్తు పన్నెండడుగులు. సిమెంటు వాడలేదు. ఇనుము వాడలేదు. పునాది కనబడలేదు. పనితనం నాసిరకం, ఎప్పుడైనా కూలవచ్చు. యూనిస్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సిమెంటు లేదని రాసినవాడికి అది కొండరాయి అని తట్టలేదా? చేతిలో ఉన్న సంచీ ఆ బల్ల మీద విసిరి కొట్టాలనిపించింది. బదులుగా గట్టిగా పట్టుకుంది.

"ఆపడానికి ఏ దారీ లేదా సార్?"

"ఒక్కటుంది. కట్టినోళ్ళు అప్పీలు పెట్టుకోవచ్చు. పెడితే విచారణ అయ్యేదాంక ఎవ్వరు ముట్టరు. కాని కట్టినోళ్ళే పెట్టాలె, దారిన పోయేటోళ్ళు పెడితే చెల్లదు."

"కట్టినవాళ్ళు లేరు సార్."

"అట్లయితే అప్పీలు లేదు." ఆయన జాలిగా చూశాడు. జాలి కూడా నిజమైందే.

యూనిస్ చర్చిలో ఆదివారం బడి పిల్లలకు అబద్ధమాడొద్దన్న ఆజ్ఞతో సహా పది ఆజ్ఞలూ నేర్పే మనిషి. రేషను కార్డులో వయసు తప్పుపడితే రెండేళ్ళు తిరిగి దిద్దించుకున్న మనిషి. కిటికీ అవతల ఒక రైలు వచ్చి ఆగి వెళ్ళిపోయేదాకా ఆమె అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి చాచింది.

"ఆ ఫారం ఇవ్వండి."

కట్టినవారి పేరు అన్నచోట యూనిస్ అని రాసింది. ఎప్పుడు కట్టారు అన్నచోట పోయిన సంవత్సరం అని రాసింది. దేనితో అంటే రాయితో. సొంత చేతి రాత చూస్తే ఆమెకు అసహ్యం వేసింది. కట్టిన ఉద్దేశం అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇక్కడైనా ఒక్క నిజం రాద్దామనిపించింది. 'చూడడానికి' అని రాసింది.

రామ్మోహనరావు అద్దాలు పెట్టుకుని పైనుంచి చదివాడు. పేరు దగ్గర తలెత్తలేదు, సంవత్సరం దగ్గర తలెత్తలేదు.

"ముందే మీరు కట్టిన్రని చెప్తే గిన్నిసార్లు తిరుగుడు తప్పేది కదా మేడం" అన్నాడు. ఎగతాళి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆఖరి గడి దగ్గర ఆయన వేలు ఆగింది. "ఇది నడవది. చూడనీకి ఎవరన్న కమాన్ కడ్తరా? అప్పీలు కొట్టేస్తరు. జర మంచిగ రాయండి."

"అది నిజం సార్."

"ఉండొచ్చు. కాని నడవది."

యూనిస్ కాగితం తన వైపు తిప్పుకుంది. 'చూడడానికి' అన్నమాట కొట్టేసి, దాని పైన 'వాహనముల రాకపోకల నిమిత్తము' అని రాసింది. రామ్మోహనరావు సరేనని తలూపి ముద్ర వేశాడు.